ఆధారపడినవారు: గౌరి, ఆరేళ్ళు

ఆదోనిలో యూనివర్సిటీ పీజీ సెంటరులో చేరిన నాలుగో రోజే ఉచ్చీరప్ప హాస్టలు గోడ దూకాడు. సినిమాకు దూకేవాళ్ళున్నారు, బిర్యానీకి దూకేవాళ్ళున్నారు. అతను మాత్రం తెల్లవారుజామున ఎమ్మిగనూరు పోయే మొదటి బస్సు అందుకోవడానికి దూకాడు. ఇంటికి పోయి, ఎనుము పాలు పిండి, మళ్ళీ బస్సెక్కి, పదిగంటల ఎకనామిక్స్ క్లాసులో మోకాలి మీద పేడ మరకతో కూర్చున్నాడు.

ఆ ఎనుము పేరు గౌరి. రెండేళ్ళ కిందట తుగ్గలిలో ఒక రైతు దగ్గర కొన్నారు. నల్లగా నిగనిగలాడుతూ చూడ్డానికి నెమ్మదిగానే ఉంటుంది. కానీ దూడ చచ్చిపోయినప్పటి నుంచి ఉచ్చీరప్ప తప్ప ఎవరు పొదుగు మీద చెయ్యేసినా పాలు వదలడం మానేసింది. అతను వచ్చి వీపు నిమిరి "ఏమే గౌరీ" అంటే చాలు, బిందె నిండేది. అతని తల్లి హుసేనమ్మ ఒకసారి పంతానికి పోయి తనే పిండబోతే, గౌరి తన్నిన తన్నుకు ఆమె కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. తండ్రి బెంగళూరులో కట్టడాల పనికి పోయి జాతరకు మాత్రం వచ్చిపోతుంటాడు. డిగ్రీ ఎమ్మిగనూరులోనే అయింది గనక ఇన్నాళ్ళూ గౌరికీ చదువుకూ పేచీ రాలేదు.

పేచీ తెచ్చింది పద్నాలుగో నిబంధన. ఊళ్ళో గదులు తీసుకున్న పిల్లలు మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకుంటున్నారని, మొదటి ఏడాది వాళ్ళంతా హాస్టల్లోనే ఉండాలని ఆ ఏడే పెట్టారు. అందులో సందు దొరకదు. ఉచ్చీరప్ప గదిలో ఉండే మోయిన్ ఇల్లు హాస్టలు ప్రహరీ అవతలి వీధే. కిటికీలోంచి చూస్తే వాళ్ళమ్మ జొహరాబీ మిద్దె మీద బట్టలారేస్తూ కనిపిస్తుంది. ఆమె అక్కడి నుంచే ఈ పూట ఏం వండిందో కేకేసి చెబుతుంది, కొడుకు ఇక్కడ హాస్టలు సాంబారు ముందు కూర్చుని వింటాడు. బయట ఉండే అనుమతి మూడు రకాల వాళ్ళకే ఇస్తారు. పెళ్ళయి ఉండాలి, లేదా డాక్టరు చీటీ ఉన్న జబ్బు ఉండాలి, లేదా ఇంట్లో తన మీదే ఆధారపడినవారు ఉండి, వాళ్ళను చూసుకునే దిక్కు ఇంట్లో వేరే లేకుండా ఉండాలి.

గోడ దూకకముందు మూడు రోజులూ ఉచ్చీరప్ప ఫోనుతో నెట్టుకొచ్చాడు. హుసేనమ్మ ఫోను స్పీకరులో పెట్టి గౌరి చెవి దగ్గర పట్టుకునేది. ఇక్కడ హాస్టలు వరండాలో అతను లుంగీ ఎగ్గట్టుకుని నిలబడి, "నిలబడే గౌరీ, నా బంగారు గదా. అమ్మను తన్నొద్దు. రోంత పాలు ఇడ్సు, రోంత" అని బతిమాలేవాడు. మొదటి రోజు చెంబెడు పాలిచ్చింది. రెండో రోజు గొంతు వస్తోంది, మనిషి ఏడని కొట్టమంతా తిరిగి వెతికింది. మూడో రోజు ఫోనును నాకి నాకి కుడితి తొట్టిలో పడేసింది.

గోడ దూకిన వారానికి ఉచ్చీరప్ప పట్టుబడ్డాడు. పట్టుకున్నది హాస్టలు ఆఫీసు గుమాస్తా శేషన్న. మద్దికెర మనిషి, రిటైరవడానికి ఏడాది ఉంది. నిబంధనల పుస్తకం ఆయన బల్ల మీద అరిగిపోయి ఉంటుంది.

"దొంగమాదిరి దూకేది ఏంటికప్పా? కారణముంటే అర్జీ పెట్టుకో" అని ఒక ఫారం చేతికిచ్చాడు.

ఉచ్చీరప్పకు అబద్ధం ఆడటం చేతకాదు. ఆడబోతే చెవులు ఎర్రబడతాయి. అందుకని ఒక్కో గడీ ఆలోచించి ఆలోచించి నింపాడు. ఆధారపడినవారి పేరు అన్న చోట గౌరి అని రాశాడు. వయస్సు ఆరు. సంబంధం అన్న గడి దగ్గర కలం ఆగింది.

"సార్, ఈ సంబంధం కాడ ఏం రాయాల? మా ఇంట్లో పుట్టిండేది కాదు. రెండేండ్ల కింద తుగ్గలి నుంచి తోలుకొచ్చినాము."

శేషన్న తలెత్తి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ అమ్మానాయనా మంచోళ్ళప్పా. పెంపకం అని రాయి."

ఉచ్చీరప్పకు ఆ మాట సరిగ్గా అతికినట్టనిపించింది. పెంపకం అని రాశాడు. కారణాల దగ్గర ఇలా రాశాడు: "అది రెండు పూటలా నేను దగ్గర లేకుంటే మేత సరిగా ముట్టదు. వేరేవాళ్ళను దగ్గరికి రానీదు. మా నాయన బెంగళూరులో ఉన్నాడు. మా అమ్మకు చెయ్యి విరిగి బాగైంది గానీ బలం లేదు." మేత అన్న మాట దగ్గర సిరా అలుక్కుపోయింది. శేషన్న దాన్ని మెతుకు అని చదువుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే వార్డెన్ ఎస్తేరు మేడం పిలిపించింది. ఆమెది పాలకొల్లు వైపు. ఆదోనికి బదిలీ అయి వచ్చి ఏడాదైంది. కోపిష్ఠి మనిషని పేరు. ఆ రోజు మాత్రం కుర్చీ చూపించి కూర్చోమంది.

"గౌరి సంగతంతా శేషన్నగారు చెప్పారు. నువ్వు లేకపోతే ఎవరు తినిపిస్తున్నారు దానికి?"

"మా అమ్మే మేడం. ఉలవలు ఉడకబెట్టి పెడితే రోంత తింటాది."

"నీళ్ళు పోసేది?"

"నేనే. వేరేవాళ్ళు పోస్తే ఒళ్ళంతా ఇదిలిస్తాది."

"మీ అమ్మనైనా దగ్గరికి రానివ్వదా?"

"తన్నింది మేడం. సెయ్యి ఇరిగింది అప్పుడే."

ఎస్తేరు మేడం పక్కనే నిలబడిన శేషన్న వైపు చూసింది. "ఆరేళ్ళదానికి అంత బలమా?"

"బలంగానే ఉంటాది మేడం. పోయినేడు తలుపు ఊడబెరికింది" అన్నాడు ఉచ్చీరప్ప.

"డాక్టరుకు చూపించారా?"

"సూపించినాము. ఒంట్లో ఏమీ లేదు, దిగులు అన్న్యాడు."

"తల్లి మీద బెంగేమో."

ఉచ్చీరప్ప అంత దూరం ఎప్పుడూ ఆలోచించలేదు. "ఏమో మేడం. తల్లిని తుగ్గలిలోనే ఇడ్సి వచ్చినాము" అన్నాడు.

మేడం అర్జీ మడిచి సంచిలో పెట్టుకుంది. నిబంధన ప్రకారం ఇల్లు చూసి రావాలని, శనివారం తానే వస్తానని చెప్పింది. ఒక ఎనుము కోసం ఇంత పెద్ద మేడం ఇంత దూరం వస్తుందంటే, చదువుకున్నవాళ్ళ మనసే వేరని ఉచ్చీరప్ప అనుకున్నాడు. ఆ సంతోషంలో హాస్టలు సాంబారు రెండోసారి వడ్డించుకున్నాడు.

శనివారం ముగ్గురూ ఎమ్మిగనూరు బస్సెక్కారు. ఉచ్చీరప్ప కిటికీ పక్కన, శేషన్న అతని పక్కన, మేడం వాళ్ళ ముందు సీట్లో ఒక ముసలామె పక్కన. పత్తిచేలు మొదలయ్యాక మేడం సంచిలోంచి ఒక పొట్లం తీసి వెనక్కి తిరిగింది. అందులో ఎర్రగౌను ఉంది, అంచులకు తెల్ల లేసు కుట్టిన ఎర్రగౌను.

"గౌరికి సరిపోతుందంటావా?"

ఉచ్చీరప్ప గౌను వైపు చూశాడు. మేడం ముఖం వైపు చూశాడు. ఉలవలు, నీళ్ళు, తన్ను, తుగ్గలి, అన్నీ ఒక్కొక్కటే వచ్చి సీటు మీద వరసగా కూర్చున్నట్టయింది.

"మేడం," అన్నాడు, "గౌరి ఎనుము."

"ఏమంటున్నాడు?" అని మేడం శేషన్నను అడిగింది.

"గేదె అంటాండాడు మేడం. మా వైపు ఎనుము అంటాము."

మేడం ముఖం ముడుచుకుంది. "తప్పు బాబూ. కాస్త బొద్దుగా ఉంటే మాత్రం ఆడపిల్లను అలా అంటారా?"

"అట్ల గాదు మేడం. నిజంగానే ఎనుము. నల్లగా, ఇంత లావుంటాది."

ముందు సీటు ముసలామె ఇటు తిరిగింది. "నువ్వేమన్నా సందమామ మాదిరి ఉండావా అప్పా? పిల్లను పట్టుకోని నలుపంటావు, లావంటావు."

"ముద్దుకు అంటాండాడులే అవ్వా" అని శేషన్న సర్దాడు. "నా మనవరాల్ని నేను గూడా ఎనుమనే పిలుస్తా. పిలవకపోతే అలుగుతాది."

ఆ తర్వాత ఉచ్చీరప్ప రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ముసలామె కళ్ళురిమింది. ఎమ్మిగనూరు బస్టాండు వచ్చేదాకా అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఉరి తీయడానికి తీసుకుపోతున్నవాడిలా కూర్చున్నాడు.

ఇంటికి పోయేసరికి హుసేనమ్మ వాకిట్లో ఎదురొచ్చింది. ఆమె ఒంటి మీద కొడుకు గళ్ళచొక్కా, కొడుకు లుంగీ ఉన్నాయి. కొడుకు వాసన తగిలితేనన్నా గౌరి మెత్తబడుతుందేమోనని మూడు రోజులుగా ఆ వేషం కడుతోంది. మేడం ఆమెను ఉచ్చీరప్ప అన్న అనుకుని నమస్కారం పెట్టి, తర్వాత తల్లి అని తెలిసి మళ్ళీ పెట్టింది.

"గౌరి ఎక్కడుందమ్మా?"

"కొట్టంలో కట్టేసినాము మేడం."

"కట్టేశారా?"

"కట్టేయకపోతే ఉంటాదా? ఊరు మీద పడతాది."

మేడం గౌను సంచి చంకలో పెట్టుకుని, గౌరి కోసం తెచ్చిన బిస్కెట్ పొట్లం ఒక చేత్తో, చీర కుచ్చిళ్ళు ఇంకో చేత్తో పట్టుకుని విసవిసా కొట్టం వైపు నడిచింది. ఉచ్చీరప్ప వెనకాలే పరిగెత్తాడు గానీ గుమ్మంలో ఆమెను దాటిపోవడం మర్యాద కాదని ఆగిపోయాడు.

లోపల గౌరి నెమరేస్తోంది. ఎస్తేరు మేడం గౌరిని చూసింది. గౌరి ఎస్తేరు మేడాన్ని చూసింది. కొట్టంలో ఇంకో మూల ఎవరైనా ఉన్నారేమోనని మేడం చుట్టూ కలయచూసింది. రెండు గంపలు, ఒక పార, చొప్ప మోపు తప్ప ఏమీ లేవు. అంతలో గౌరికి గుమ్మంలో ఉచ్చీరప్ప కనిపించాడు. ఒక్క అరుపు అరిచి, కట్టేసిన గూటం పెరుక్కుని వచ్చి, అతని తల నాకడం మొదలెట్టింది. దారిలో మేడం చేతిలోని బిస్కెట్ పొట్లాన్ని కాగితంతో సహా నోట కరుచుకుంది.

"ఇదా గౌరి?" అంది మేడం.

"ఇదే మేడం."

"నన్ను మోసం చేశావు."

ఉచ్చీరప్ప చెవులు ఎర్రబడలేదు. "యాడ అబద్ధం రాసినాను మేడం, సూపించండి" అన్నాడు.

మేడం సంచిలోంచి అర్జీ లాగి పేడ మధ్య నిలబడి చదివింది. పేరు నిజం. వయస్సు నిజం. పెంపకం అన్న మాట దగ్గర ఆగి శేషన్నను చూసింది. శేషన్న చూరు వైపు చూశాడు. మెతుకు కాదు మేత అని ఇప్పుడు ఆమెకు స్పష్టంగా కనిపించింది. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వచ్చి, ఈసారి పెదవులు కదుపుతూ చదివింది.

"నిబంధనలో ఆధారపడినవారు అని ఉంది. వారు అంటే మనుషులు. గేదెలైతే అవి అనాలి."

"ఒక్కటే ఉంటే ఆడపిల్లనైనా ఎనుమునైనా అది అనే అంటాము గదా మేడం" అన్నాడు శేషన్న. "మనమూ మొదట్నుంచి అది అదనే మాట్లాడుకుంటిమి. దాంట్లోనే వచ్చింది తిప్పలంతా."

మేడం ఇదంతా నాటకమేమో, ఎవరు పిండినా ఇస్తుందేమో చూడాలని పట్టుబట్టింది. ముందు హుసేనమ్మ కూర్చుంది. గౌరి గళ్ళచొక్కాను ఒకసారి వాసన చూసి, ఈ మోసం తనకు తెలుసన్నట్టు కాలెత్తింది. హుసేనమ్మ లేచి వచ్చేసింది. తర్వాత శేషన్న చొక్కా చేతులు మడిచాడు. "మద్దికెరలో పది ఎనుముల మజ్జన పెరిగినోణ్ణి" అంటూ కూర్చున్నాడు. ఆయన ఎట్లా లేచాడో ఎవరూ చూడలేదు. చూసేసరికి కుడితి తొట్టిలో ఉన్నాడు, కళ్ళజోడు మాత్రం గౌరి కొమ్ముకు వేలాడుతోంది.

"తప్పుకోండి" అంది ఎస్తేరు మేడం.

కొంగు నడుముకు చుట్టి, చేతులు కడుక్కుని, గౌరి పక్కన గొంతుక్కూర్చుంది. వీపు మీద చెయ్యేయలేదు, పేరు పెట్టి పిలవలేదు. నాలుకతో చిన్నగా టక్కు టక్కుమని ఏదో చప్పుడు చేసింది. గౌరి చెవులు వెనక్కి వాల్చింది. బిందెలో మొదటి ధార ఠంగుమంది, ఆ వెనకే రెండోది. తర్వాత నురగ చప్పుడు తప్ప కొట్టంలో ఏమీ వినిపించలేదు. హుసేనమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఉచ్చీరప్పకు సంతోషించాలని తెలుసు. కానీ మూడు రోజులు ఫోనులో బతిమాలాడు, వారం రోజులు గోడ దూకాడు, మోకాలు చెక్కుకుపోయింది. ఈ మేడం వచ్చి టక్కు టక్కుమంటే అయిపోయిందా. గౌరి వైపు చూస్తే అది కళ్ళు అరమోడ్చి హాయిగా ఉంది. అతను ముఖం తిప్పుకున్నాడు.

బిందె నిండాక మేడం లేచింది. ఆమె ముఖం ఆఫీసులో ఉండే ముఖం కాదు. "మా అమ్మ దగ్గర ఏడుండేవి. ఉద్యోగం వచ్చాక ముట్టుకోలేదు. ఇరవై రెండేళ్ళయింది" అని ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత అర్జీ గుర్తొచ్చి ముఖం చిన్నబుచ్చుకుంది. "అయితే ఇక అనుమతి ఇవ్వడం కుదరదు. చూసుకునే దిక్కు వేరే లేదని కదా రాశావు. నేను పిండితే ఇచ్చింది. ఇది నేను దాచలేను."

ఉచ్చీరప్ప శేషన్న వైపు చూశాడు. అప్పుడు కుడితి కారుతున్న శేషన్న, కొమ్ముకున్న కళ్ళజోడు తీసుకుని పెట్టుకుని, భుజాన ఉన్న సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి తెరిచాడు. తడిసిన పేజీలు ఒక్కొక్కటే విడదీశాడు.

"ఇంట్లో వేరే దిక్కు లేకుండా అని ఉంది మేడం. మీరు ఈ ఇంట్లో మనిషి కాదు గదా."

మేడం ఆ వాక్యం తన కళ్ళతో చదివింది. పుస్తకం మూసి, అరుగు మీద కూర్చుని, హుసేనమ్మ ఇచ్చిన టీ తాగుతూ నివేదిక రాసింది. ఆమె కూడా ఉచ్చీరప్ప మాదిరే ఒక్క అబద్ధం రాయలేదు. "గేదె గౌరి ఆరోగ్యంగా ఉన్నది. ఉచ్చీరప్ప మీద ఆధారపడి ఉన్నది. ఇంట్లో చూసుకోగలవారు వేరే లేరు. ప్రతి ఆదివారం వార్డెన్ స్వయంగా తనిఖీ చేయాలన్న షరతుపై అనుమతి ఇవ్వవచ్చు." ఆ షరతు నిబంధనల్లో ఎక్కడా లేదు. శేషన్న చదివి, పుస్తకం తెరవకుండా, ఉందిలే మేడం అన్నాడు. గౌను పక్కింటి పిల్ల హుస్నాకు సరిగ్గా సరిపోయింది.

ఫైలు ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి మంగళవారం తిరిగొచ్చింది. మీద ఎర్రసిరాతో ఒక వాక్యం ఉంది: "కుమారి గేదె గౌరి ఫొటో జతపరచలేదు."

ఎస్తేరు మేడం ఆ వాక్యం చూసి, గేదె అనేది ఇంటిపేరు కాదని చెప్పడానికి లేచింది గానీ, ప్రిన్సిపాల్ మీటింగులో ఉన్నాడు. బుధవారమూ మీటింగులోనే ఉన్నాడు. గురువారం శేషన్న, "అడిగింది ఫొటో గదా మేడం, ఫొటో ఇస్తే సరిపోతాది" అన్నాడు.

ఎమ్మిగనూరులో ఫొటో స్టూడియో పెట్టుకున్న బజారి అనే అతను కెమెరా తీసుకుని కొట్టానికి వచ్చాడు. వెనక తెల్ల దుప్పటి కట్టారు. బజారి చేతిలో పాస్‌పోర్టు ఫొటో కొలతల కాగితం ఉంది. ముఖం నేరుగా ఉండాలి, రెండు చెవులూ కనిపించాలి, తల మీద ఏమీ ఉండకూడదు. కొమ్ములు తల మీద ఉన్నట్టా, తలలో భాగమా అని కాసేపు వాదన నడిచింది. ఈగలకు గౌరి చెవులు ఆడిస్తుంటే ప్రతి ఫొటోలో ఒక చెవి మాయమైంది. ఉచ్చీరప్పకు గౌరి మీద ఇంకా కొంచెం అలకగానే ఉంది. అయినా కెమెరా వెనక నిలబడి "ఏమే గౌరీ" అన్నాడు. రెండు చెవులూ నిక్కబొడుచుకున్నాయి. గౌరి అతని గొంతు వైపు చూసిన ఆ చూపు కెమెరాలో పడింది. ఉచ్చీరప్ప అలక అక్కడే పోయింది. ఒక కాపీ ఎక్కువ తీసి తన పర్సులో పెట్టుకున్నాడు.

ఫొటో చూసి ప్రిన్సిపాల్ ఏమనుకున్నాడో, అసలు చూశాడో లేదో ఎవరికీ తెలియదు. ఫైలు మాత్రం రెండు రోజులకు మళ్ళీ వచ్చింది. "ఫొటో కింద ఆధారపడినవారి సంతకం లేదు. నిరక్షరాస్యులైతే ముద్ర వేయించవలెను."

ఆదివారం తనిఖీకి పోయే ఎస్తేరు మేడంతో పాటు శేషన్న కూడా బస్సెక్కాడు. చంకలో ఫైలు, చేతిలో ఆఫీసు సిరా డబ్బా. ఉచ్చీరప్ప గౌరి ముందుకాలు ఎత్తి పట్టుకున్నాడు. హుసేనమ్మ సిరా పూసింది. మేడం మెడ కింద గోకుతూ టక్కు టక్కుమంది. గిట్ట ముద్ర పేజీలో సగం ఆక్రమించింది. శేషన్న మోకాళ్ళ మీద కూర్చుని, దాని మీద ఊది ఆరబెట్టి, మిగిలిన సగంలో "నా సమక్షంలో వేయబడినది" అని రాసి, తేదీ వేసి, సంతకం చేశాడు.